పికాచూకు పూటకెంత తిండి? విశాఖలో పోకెమాన్‌లు నిజంగా ఉంటే

గాజువాకలో పదో తరగతి చదువుతున్న ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: "పోకెమాన్‌లు నిజంగానే ఉంటే మన విశాఖపట్నంలో రోజువారీ జీవితం ఎలా ఉండేది? పికాచూ ఇంటికి కరెంటు ఇస్తుందా? దాన్ని మనం పెంచుకోవచ్చా?"

అమ్మా, నేను 31 సంవత్సరాలు ప్రభుత్వ పశువైద్యుడిగా పనిచేసి విరమించినవాణ్ణి. అందులో పదకొండేళ్లు పాడేరు, చింతపల్లి వైపు ఏజెన్సీలో గడిచాయి; మిగతా కాలమంతా విశాఖలోనూ చుట్టుపక్కల మండలాల్లోనూ గడిచింది. మా మనవడు ఆడుతుంటే పక్కన కూర్చుని పోకెమాన్ అనే ఈ వీడియో ఆటను, అందులోని వింత జీవులను తెలుసుకున్నాను. వాడికి ఆ జీవుల్లో ఏది దేన్ని గెలుస్తుందన్నది ముఖ్యం. నాకు మాత్రం తెరమీద కొత్త జీవి కనిపించినప్పుడల్లా ఇదేం తింటుంది, ఎంత తింటుంది, ఎక్కడ పడుకుంటుంది, జబ్బు చేస్తే ఎక్కడ పట్టుకుని సూది వేయాలి అన్న ఆలోచనే వచ్చేది. నీ ప్రశ్నకు నా దగ్గరున్న సమాధానం కూడా ఆ దారిలోనే ఉంది. ఈ జీవులు నిజమైన రోజున మన జీవితాన్ని మార్చేవి వాటి మెరుపులూ మంటలూ కావు. వాటి మేత, పేడ, రోగం, ముసలితనం. ఆటలో ఈ నాలుగింటికీ చోటు తక్కువ. నిజంగా వాటితో బతకడం అంటే మాత్రం ఈ నాలుగే.

ఆటను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. 1996 ఫిబ్రవరి 27న జపాన్‌లో గేమ్‌బాయ్ కోసం విడుదలైన మొదటి రెండు ఆటల్లో 151 జీవులు ఉండేవి. ఇప్పుడవి వెయ్యి దాటాయి. దాన్ని రూపొందించిన సతోషి తజిరి చిన్నతనంలో పురుగులను పట్టి పోగుచేయడం ఎంతో ఇష్టపడినవాడు. ఆ ఇష్టం ఆటలోని జీవుల వివరాల పట్టిక అయిన పోకెడెక్స్‌లో స్పష్టంగా కనిపిస్తుంది: ప్రతి జీవికీ ఎత్తు, బరువు, మకాం, అలవాట్లు రాసి ఉంటాయి. బరువు తెలిస్తే పశువైద్యుడికి సగం పని అయినట్టే, ఎందుకంటే మందు మోతాదు దగ్గర్నుంచి మేత దాకా అన్నీ బరువు మీదే లెక్క కడతాం.

ముందుగా ఒంట్లోంచి కరెంటు వదిలే ఎలుకలాంటి జీవి పికాచూ సంగతి చూద్దాం. దాని ఎత్తు 0.4 మీటర్లు, బరువు 6 కిలోలు. అంటే ఒక మోస్తరు పెంపుడు పిల్లి కంటే కొంచెం పెద్దది. వెచ్చని రక్తం గల జంతువు ఊరికే పడుకుని ఉన్నా రోజుకు ఎంత శక్తి ఖర్చు చేస్తుందో అంచనా వేయడానికి మాకు ఒక సూత్రం ఉంది. 1932లో మాక్స్ క్లైబర్ అనే శాస్త్రవేత్త చూపించిన సంబంధం మీద ఆధారపడిన సూత్రమది: కిలోల్లో ఉన్న బరువును 0.75 ఘాతానికి తీసుకుని 70తో గుణిస్తే కిలోకేలరీలు వస్తాయి. పికాచూకు అది సుమారు 270 వస్తుంది. అది రోజంతా గెంతుతుంది కనుక రెట్టింపు వేసుకుంటే 540. బియ్యంలో లెక్క కడితే రోజుకు నూటయాభై గ్రాములకు కాస్త ఎక్కువ. ఇంతవరకు ఏ ఇంటికీ భారం కాదు.

ఇప్పుడు కరెంటు లెక్క చూడు. 540 కిలోకేలరీలను యూనిట్లలోకి మారిస్తే 0.63 యూనిట్. అంటే తిన్న తిండిలో ఒక్క మెతుకు కూడా తన ఒంటికి ఉంచుకోకుండా మొత్తం కరెంటుగా మార్చి ఇచ్చినా, 75 వాట్ల సీలింగ్ ఫ్యాను ఎనిమిది గంటలకు పైగా తిరుగుతుంది, అంతే. ప్రాణం ఉన్న జంతువు అలా ఇవ్వలేదు; తిన్నదానిలో పదోవంతు ఇచ్చిందనుకుంటే ఫ్యాను యాభై నిమిషాలు తిరుగుతుంది. ఒక పిడుగులో ఉండే శక్తిని సాధారణంగా వందకోట్ల జౌళ్లుగా, అంటే సుమారు 278 యూనిట్లుగా చెబుతారు. పికాచూ అలాంటి పిడుగు ఒక్కటి వేయాలంటే దాదాపు 2.4 లక్షల కిలోకేలరీల తిండి, అంటే 68 కిలోల బియ్యం, ముందుగా దాని కడుపులోకి వెళ్లి ఉండాలి. ఆరు కిలోల జంతువుకు అది సాధ్యం కాదు. కాబట్టి పికాచూలు వచ్చినంత మాత్రాన పరవాడలోని 2,000 మెగావాట్ల సింహాద్రి థర్మల్ కేంద్రం మూతపడదు. వాటి చేత కరెంటు తీయించాలని ఎవరైనా షెడ్లు కట్టి వందల సంఖ్యలో బంధిస్తే, ఆ షెడ్లను మూయించమని అడిగే మొదటి మనిషిని నేనే అవుతాను, ఎందుకంటే ఆ లెక్కలో వచ్చేది కరెంటు కాదు, బక్కచిక్కిన జంతువులు.

అలాగని అది ప్రమాదం లేనిదని కూడా అనలేను. పికాచూ దెబ్బకు లక్ష వోల్టులు అన్న మాట వినగానే భయం వేస్తుంది గానీ, మనిషిని చంపేది వోల్టుల అంకె ఒక్కటే కాదు. ఒంట్లోంచి ఎంత కరెంటు ఎంతసేపు పారిందన్నది ముఖ్యం. సింథటిక్ బట్టలు విప్పుతున్నప్పుడు చిటపటమనే మెరుపుల్లో వేల వోల్టులు ఉంటాయి, మనకేమీ కాదు. దక్షిణ అమెరికాలోని విద్యుత్ ఈల్ చేపల్లో 860 వోల్టుల దాకా కొలిచినట్టు 2019లో ప్రకటించారు. ఆ దెబ్బ క్షణంలో వెయ్యోవంతుల్లోనే ముగిసిపోతుంది. మన బంగాళాఖాతంలోనూ తాకగానే చెయ్యి తిమ్మిరెక్కించే చేపలున్నాయి, వలలో పడితే మత్స్యకారులు వాటిని ఒట్టి చేత్తో పట్టుకోరు. పికాచూ పెంచే ఇంట్లో కూడా అలాంటి అలవాట్లే పుడతాయి. తడి నేల మీద దాన్ని ఎత్తుకోకూడదు. గుండెకు పేస్‌మేకర్ ఉన్న పెద్దలు ఇంట్లో ఉంటే అసలు తేకూడదు. రేకుల ఇళ్లలో దాన్ని గోడకు దూరంగా చెక్క పెట్టెలో పడుకోబెట్టాలి. దానికి సూది వేయాల్సిన డాక్టరు రబ్బరు చేతితొడుగులు, ఎండిన చెక్కబల్ల సిద్ధం చేసుకోవాలి. ముందు మత్తు, తర్వాతే పరీక్ష.

నగరానికి అసలు ఇబ్బంది పికాచూతో కాదు, మాగ్నెమైట్‌తో వస్తుంది. 0.3 మీటర్ల ఎత్తు, 6 కిలోల బరువున్న ఈ జీవి కరెంటునే తిని బతుకుతుందని పోకెడెక్స్ చెబుతుంది. ఇంట్లో కరెంటు పోతే ముందు ఫ్యూజు పెట్టె చూడమని, అక్కడ ఇవి గుంపుగా అతుక్కుని ఉండవచ్చని కూడా చెబుతుంది. మే నెలలో రాత్రి పదకొండు గంటలకు కంచరపాలెంలో ట్రాన్స్‌ఫార్మర్ మీద నలభై మాగ్నెమైట్‌లు వాలాయనుకో. వాటిని దింపడానికి స్తంభం ఎక్కేది ఒక లైన్‌మన్. ఆయనకు జంతువుల సంగతి ఎవరూ నేర్పలేదు, నాకు స్తంభం ఎక్కడం రాదు. ఈ రెండు పనులూ తెలిసిన కొత్త ఉద్యోగం ఒకటి పుట్టాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను గంటకు 185 కిలోమీటర్ల గాలితో మన మీద విరుచుకుపడినప్పుడు స్తంభాలు కూలి రోజుల తరబడి చీకట్లో ఉన్నాం. ఆ తర్వాతే నగరంలో భూగర్భ కేబుళ్ల పని చేపట్టారు. మాగ్నెమైట్‌లు ఉన్న విశాఖలో ఆ పని తుపాను కోసం ఆగేది కాదు, ఎప్పుడో జరిగి ఉండేది.

ఇక స్నోర్‌లాక్స్. ఎత్తు 2.1 మీటర్లు, బరువు 460 కిలోలు, రోజుకు 400 కిలోలు తింటే గాని తృప్తి పడదట. ఇంచుమించు అదే బరువున్న ముర్రా గేదె రోజుకు ముప్ఫై నలభై కిలోల పచ్చిమేత, కొన్ని కిలోల ఎండుగడ్డి తింటుంది. అంటే స్నోర్‌లాక్స్ ఒక్కటీ పది గేదెల పెట్టు. ఏనుగు కూడా రోజుకు సుమారు నూటయాభై కిలోలతో సరిపెట్టుకుంటుంది. క్లైబర్ లెక్క ప్రకారం 460 కిలోల జంతువుకు నాలుగు కిలోల బియ్యానికి సమానమైన శక్తి చాలు. మిగతాదంతా జీర్ణం కాకుండానే బయటికి వచ్చి తీరాలి. ఆ బయటికి వచ్చేదాన్ని ఎత్తేది ఎవరు? తెల్లవారకముందే చీపురు పట్టుకుని రోడ్డెక్కే పారిశుద్ధ్య కార్మికులు. ఈ ఊహ చేసేవాళ్లెవరూ వాళ్లను తలుచుకోరు గనుక నేను తలుచుకుంటున్నాను. ఆటలో స్నోర్‌లాక్స్ దారికి అడ్డంగా నిద్రపోతే ఒక పిల్లనగ్రోవి ఊది లేపుతారు. అది హనుమంతవాక కూడలిలో జాతీయ రహదారి మీద పడుకుంటే ఏం చేయాలన్నది మాత్రం నాకు అనుభవంలో ఉన్న విషయం, ఎందుకంటే గెడ్డలో పడిన గేదెలను, వరద నీటిలో ఇరుక్కున్న ఎద్దులను పైకి తీసిన రోజులు నాకు చాలా ఉన్నాయి. పెద్ద జంతువుకు మత్తు ఇవ్వడం తేలికే, దాన్ని బతికించి లేపడమే కష్టం. కడుపు నిండా మేత ఉన్న పశువు పక్కకు వాలి పడుకుంటే పొట్ట ఉబ్బి ఊపిరితిత్తులను నొక్కేస్తుంది; కడుపులోది గొంతులోకి వచ్చి శ్వాసనాళంలోకి జారితే ప్రాణం పోతుంది. అందుకే దాన్ని రొమ్ము మీద ఆనించి, తల ఎత్తి, మూతి కిందికి ఉండేలా పట్టుకోవాలి. వెల్లకిలా నిద్రపోయే స్నోర్‌లాక్స్‌కు నాలుగు వందల కిలోల తిండి తిన్న వెంటనే మత్తు సూది వేయమని ఏ అధికారి ఆదేశించినా నేను ఒప్పుకోను. గోనెపట్టీలు, క్రేను, పదిమంది మనుషులు, ఆరు గంటల ఓపిక, అంతసేపు మళ్లించిన బస్సులు: ఆ పని అలాగే జరుగుతుంది.

సముద్రం వైపు వెళితే విషయం ఇంకా పెద్దది. మన చేపలరేవులో సోనాబోటు మీద వెళ్లే సరంగుకు, పెదజాలరిపేట నుంచి ఇంజిన్ తెప్ప మీద వెళ్లేవాడికి జెల్లీఫిష్ లాంటి టెంటకూల్ కొత్త జీవిలా అనిపించదు. జెల్లీఫిష్‌ల కాలంలో వలలు బరువెక్కి, చేతులు మండి, తెచ్చిన చేపకంటే వల దులుపుకునే పనే ఎక్కువైన రోజులు వాళ్లకు తెలుసు. వాళ్లను నిజంగా భయపెట్టేది మాజికార్ప్. 0.9 మీటర్ల పొడవు, 10 కిలోల బరువు ఉండి, ఎముకలు తప్ప కండలేని ఈ చేప దేనికీ పనికిరాదని ఆటలో అందరూ తీసిపారేస్తారు. అదే చేప ఒక దశ దాటగానే 6.5 మీటర్ల గ్యారడోస్‌గా మారుతుంది. కోపం వస్తే ఊళ్లను నేలమట్టం చేస్తుందని పోకెడెక్స్ హెచ్చరిస్తుంది. వల నిండా మాజికార్ప్‌లు పడినప్పుడు వాటిలో ఏది ఆ దశకు దగ్గరగా ఉందో చూసి చెప్పగల కన్ను సరంగుకు ఉండాలి. ఆ కన్ను పుస్తకం వల్ల రాదు. వంజరం వచ్చే నీటి రంగును, కవళ్ల గుంపు మీద తిరిగే పక్షులను చూసి వల వేసే మనిషికే వస్తుంది. కాబట్టి గ్యారడోస్ ఉన్న తీరంలో పెదజాలరిపేట ముసలివాళ్ల మాటకు శాస్త్రవేత్తల మాటతో సమానమైన విలువ ఇవ్వక తప్పదు. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరబోట్ల వేటకు నిషేధం ఉంది. మాజికార్ప్‌లు రూపం మార్చుకునే కాలం వేరైతే ఆ నిషేధం తేదీలను మళ్లీ లెక్కించాలి. ఆ మేరకు వేట లేని రోజులు పెరిగితే మత్స్యకార కుటుంబాలకు ఇచ్చే భృతి కూడా పెరగాలి. నా దృష్టిలో గ్యారడోస్ గురించి మాట్లాడటం అంటే ముందుగా దీని గురించి మాట్లాడటమే.

తిమింగలం లాంటి వైలార్డ్ గురించి ఒక్క మాట. పొడవు 14.5 మీటర్లు, బరువు 398 కిలోలు మాత్రమే. అంతే పొడవున్న హంప్‌బ్యాక్ తిమింగలం పాతిక ముప్ఫై టన్నులు తూగుతుంది. వైలార్డ్ ఘనపరిమాణం లెక్క వేస్తే దాని సాంద్రత నీటికంటే ఎన్నో రెట్లు తక్కువని తేలుతుంది. అది నీటిలో మునగలేదు, బెలూనులా తేలుతుంది. హుద్‌హుద్ లాంటి గాలి వస్తే ఆర్కే బీచ్‌లో తేలాల్సినది సింహాచలం కొండ మీద వచ్చి పడుతుంది. ఆ బరువు నిజమనుకుంటే తుపాను హెచ్చరిక రాగానే పడవలను కట్టినట్టు వైలార్డ్‌లను కూడా కట్టాలి. 2021 డిసెంబరులో తంతడి తీరానికి వచ్చిన సుమారు రెండు టన్నుల తిమింగల సొరను అటవీ సిబ్బంది, మత్స్యకారులు కలిసి తిరిగి సముద్రంలోకి పంపారు. ఆ చేతులు వైలార్డ్‌కు కూడా సాయం చేస్తాయని నాకు నమ్మకం ఉంది.

నీ మూడో ప్రశ్న పెంచుకోవడం గురించి. ఇక్కడ చట్టం స్పష్టంగా ఉంది, అమ్మా. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో "వేట" అన్న మాటకు చంపడం ఒక్కటే అర్థం కాదు. పట్టుకోవడం, ఉచ్చు వేయడం, వెంటాడటం కూడా వేట కిందికే వస్తాయి. కంబాలకొండ అభయారణ్యంలో గడ్డి దుబ్బులోంచి వచ్చిన జీవి మీద ఆటలో చేసినట్టు బంతి విసిరి అందులో బంధించడం, ఆ జీవి షెడ్యూలులో, అంటే చట్టం రక్షించే జీవుల జాబితాలో, ఉంటే, శిక్షార్హమైన వేట అవుతుంది. పోకెమాన్ కథలోలా పదేళ్ల పిల్లలు ఇల్లు వదిలి ఊళ్లు తిరగడం కూడా కుదరదు. 6 నుంచి 14 సంవత్సరాల పిల్లలు బడిలో ఉండాలని 2009లో చట్టం వచ్చింది. జీవులను పెంపుడు జంతువులుగా గుర్తించిన చోట మాత్రం కుక్కలకు ఉన్నట్టే నమోదు, టీకా, మెడలో బిళ్ల ఉంటాయి. ఐదేళ్లకోసారి జరిగే పశుగణనలో కొత్త గడులు చేరతాయి.

ఇప్పుడు నాకు అన్నింటికంటే బాధ కలిగించే సంగతికి వస్తాను. పోరాటాలు. ఆటలో రెండు జీవులు తలపడతాయి, ఓడినది సొమ్మసిల్లుతుంది, వైద్యకేంద్రంలో బల్ల మీద పెట్టగానే నిమిషంలో కోలుకుంటుంది. నిప్పు గడ్డిని గెలుస్తుంది, గడ్డి నీటిని గెలుస్తుంది, నీరు నిప్పును గెలుస్తుంది అని మా మనవడు వల్లెవేస్తుంటే నాకు మన కుక్కుట శాస్త్రం గుర్తొచ్చింది. డేగ, కాకి, నెమలి అని పుంజులకు రంగులను బట్టి పేర్లు పెట్టి, ఏ నక్షత్రంలో, ఏ వారంలో, ఏ రంగు పుంజు ఏ రంగును గెలుస్తుందో అందులో రాసుకున్నారు. ఆ పట్టికకూ ఈ పట్టికకూ తేడా ఉన్నట్టు నాకు కనిపించదు. సంక్రాంతి మూడు రోజులూ రాత్రి తొమ్మిది దాటాక మా ఇంటి తలుపు తట్టేవారు. తువ్వాలులో చుట్టిన పుంజు, తువ్వాలంతా రక్తం. కాలికి కట్టిన కత్తి పొట్టను చీల్చేసి ఉండేది. కుట్లు వేసేవాణ్ణి, కొన్ని బతికేవి, చాలావరకు నా చేతుల్లోనే పోయేవి. ఒకసారి పదేళ్ల పిల్లాడు తండ్రి వెంట వచ్చాడు. తాను ఏడాదిపాటు జీడిపప్పు పెట్టి పెంచిన పుంజు కళ్లు మూతలు పడుతుంటే వాడు తండ్రి వైపు చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆ పిల్లాడికి సొమ్మసిల్లడం అన్న మాట ఎలా చెప్పను?

1960 నాటి జంతుహింస నివారణ చట్టం జంతువులను పోట్లాటకు ఉసిగొల్పడాన్ని నేరంగా ప్రకటించింది. అయినా పందేలు ఆగలేదు, ఎందుకంటే వాటి వెనుక డబ్బు ఉంది. పోకెమాన్‌లు నిజమైతే భోగి నాటికి బరుల్లో దిగేది పుంజులు కాదు, కోడిరూపంలో ఉండే బ్లాజికెన్‌లు. కాలికి కత్తి కట్టనక్కర్లేదు, అది నిప్పుతోనే తంతుంది. ఈ ఒక్క విషయంలో నా అభిప్రాయం గట్టిది. ఆ జీవులు పోరాడటానికి ఇష్టపడతాయని ఆట చెబుతుంది. పందెం పుంజు గురించి కూడా ప్రతి సంవత్సరం నాకు అదే మాట చెప్పేవారు.

పని చేయించుకోవడం దగ్గర నేను అంత కఠినంగా ఉండను. మనుషులతో కలిసి బరువులు మోసే మచోక్, మట్టి గుల్లచేసే డిగ్లెట్ ఎద్దులాంటివే. ఎద్దుతో కలిసి పనిచేయడం మనకు తరతరాలుగా తెలుసు. అయితే 1965 నాటి నిబంధనలు బండి లాగే, బరువు మోసే పశువును రోజుకు తొమ్మిది గంటలకు మించి, విరామం లేకుండా ఐదు గంటలకు మించి పని చేయించకూడదని, ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా అసలు కట్టకూడదని చెబుతున్నాయి. 1933 నుంచి నడుస్తున్న మన ఓడరేవులో మచోక్‌లు దిగితే ఈ నిబంధన గోడమీద పెద్ద అక్షరాలతో రాసి ఉండాలి. దాని పక్కనే, ఆ మచోక్‌ల వల్ల పని పోయిన కళాసీల కుటుంబాలకు ఏం ఇస్తారన్నది కూడా రాసి ఉండాలి.

గ్రైమర్ విషయంలో ఆట రూపకర్తలు బాగా ఆలోచించారు. అలోలా అనే ద్వీపాల్లో చెత్త పెరిగిపోతే దాన్ని తినడానికి గ్రైమర్‌లను తెచ్చారని, తిన్న చెత్తలోని విషం వాటి ఒంటిమీద స్ఫటికాలుగా గట్టిపడుతుందని ఆ ఆటలో ఉంది. కాపులుప్పాడ చెత్తగుట్టకు వాటిని తెస్తే బాగుంటుందని ఎవరికైనా అనిపిస్తుంది. తెస్తే చెత్త తగ్గుతుంది, విషం మాత్రం పోగై నడిచే జీవిగా మారుతుంది. చెత్త చాలనప్పుడు అది ఏం తింటుందన్న ప్రశ్నా ఉంటుంది. విషవాయువు నింపుకుని గాలిలో తేలే కోఫింగ్ గురించి నేను ఎక్కువ రాయలేను. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి ఇళ్లలోకి పాకినప్పుడు మనుషులతోపాటు కట్టుకొయ్యలకు కట్టి ఉన్న పశువులూ పోయాయి. కట్టు విప్పేవాడు లేక పోయిన పశువు గురించి పశువైద్యుడు తేలిగ్గా మాట్లాడలేడు. కోఫింగ్ ఉన్న ఊళ్లో రాత్రిపూట పశువులను జారుముడితో, ఒక్క గుంజుకు ఊడివచ్చేలా కట్టడం అందరికీ నేర్పాలి. అది ఇప్పుడైనా నేర్పదగినదే.

బొర్రా గుహల్లో ఇప్పటికే గబ్బిలాలు ఉన్నాయి. జుబాట్ చేరితే చీకటి పెద్దగా మారదు. కానీ రక్తం పీల్చే జంతువు అంటే రేబిస్ గుర్తుకు రావాలి. ఏ జీవి కరిచినా, గీరినా పదిహేను నిమిషాలు సబ్బుతో పారే నీటి కింద కడగాలి, అదే రోజు టీకా మొదలుపెట్టాలి. లక్షణాలు బయటపడ్డాక ఆ జబ్బు నుంచి బతికి బయటపడటం దాదాపు లేదు.

చివరిగా, నా దగ్గరకు అన్నింటికంటే ఎక్కువగా వచ్చే రోగి ఎవరని అడిగితే, చార్మాండర్ అంటాను. 0.6 మీటర్ల ఎత్తు, 8.5 కిలోల బరువు, తోక చివర చిన్న మంట. ఆ మంట ఆరిపోతే ప్రాణం పోతుందట. ఎండాకాలం తర్వాత వచ్చే వానలు, ఆ తర్వాత అక్టోబరు, నవంబరు తుపానులు, ఎప్పుడూ ఉప్పు తేమతో నిండిన మన గాలి: చార్మాండర్‌కు విశాఖంత కష్టమైన ఊరు ఇంకొకటి దొరకదు. హుద్‌హుద్ మర్నాడు నేను రోడ్డుకు అడ్డంగా పడిన చెట్లు దాటుకుంటూ ఆనందపురం వైపు నడిచాను. కూలిన పాక కింద ఒక ఆవు బతికే ఉంది. దాని యజమాని, అరవై దాటిన మామ్మ, రాత్రంతా ఆవు ముఖం మీద తాటాకు పట్టుకుని కూర్చుంది. ఆమె ఇంట్లో చార్మాండర్ ఉండి ఉంటే ఆ తాటాకు దాని తోక మీద పట్టుకునేది.

అలాంటి వాళ్ల కోసం ప్రతి వార్డులో ఒక గది ఉండాలని కోరుకుంటాను. పైకప్పు కాంక్రీటుది, నేల ఎత్తుది, లోపల ఇసుక పరిచి ఉండాలి. మంటకు గాలి కావాలి గనుక మూసేసిన గది పనికిరాదు. పై భాగంలో రెండు ఎదురెదురు కిటికీలు, వాటికి వాలుగా బయటికి చూరు. తుపాను హెచ్చరిక రాగానే చార్మాండర్‌లను ఒక్కొక్కదాన్ని మీటరు దూరంలో, తోకలు గోడవైపు కాకుండా మధ్యకు తిప్పి కూర్చోబెట్టాలి. పక్కన ఒక మనిషి రాత్రంతా మేలుకుని ఉండాలి. ఆ గది తలుపు మాత్రం సముద్రం వైపు పెట్టకూడదు.